నడుం చుట్టూ బిగుసుకునే మంట

కడుపులో నొప్పి అనగానే ఇంటికొచ్చిన వాళ్లంతా చెప్పేది ఒకటే: గ్యాస్ అయ్యుంటుంది, వాము నీళ్లు తాగు. ప్రేమతోనే చెప్తారు. కానీ నా నొప్పి కడుపులో పుట్టింది కాదు, వెన్నుపాములో పుట్టింది.

తాటిచెట్టు మీద మోకు, అంటే చెట్టెక్కే తాడు, జారి పడ్డప్పుడు టీ10 దగ్గర, అంటే ఛాతీ వెనక పదో పూస దగ్గర దెబ్బ తగిలింది. అక్కడి నరాలు చుట్టూ తిరిగి బొడ్డు దగ్గరికి వస్తాయి. బొడ్డు కింద నాకు స్పర్శ లేదు, కాళ్లు కదలవు. బొడ్డు చుట్టూ మాత్రం బెత్తెడు వెడల్పున మంట. ఒకప్పుడు చెట్టెక్కడానికి నడుముకు ముత్తాదు కట్టుకున్న చోటే, ఎవరో దాన్ని వదలకుండా బిగిస్తున్నట్టు ఉంటుంది. పొద్దుగూకితే ఇంకా ఎక్కువ. లుంగీ ముడి తగిలినా భగ్గుమంటుంది. అందుకే ముడి కాస్త పైకి, పక్కకి జరిపి వేసుకుంటాను.

స్కానింగులో పేగులు, లివర్, కిడ్నీలు అన్నీ బాగున్నాయని వచ్చిన రోజు "మరి నొప్పెందుకు బిడ్డా?" అని మా అమ్మ ఏడ్చింది. దెబ్బతిన్న చోట నరాలు ఊరికే సిగ్నల్స్ పంపుతుంటాయని, మెదడు దాన్ని పొట్ట నొప్పి అనుకుంటుందని డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించాక గానీ ఆమె మనసు కుదుటపడలేదు.

మామూలు నొప్పి గోలీలు దీనికి పని చేయలేదు. నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబాలిన్ అనే మందు వాడుతున్నాను. మంట పోదు, ఓర్చుకునేంతకు దిగుతుంది. మొదట్లో మత్తుగా, తల తిరిగినట్టు ఉండేది. డాక్టర్‌ని అడగకుండా దాన్ని ఉన్నట్టుండి ఆపకూడదు.

నా విషయంలో మందు ఎంత ముఖ్యమో టైముకు ట్యూబు వేసి యూరిన్ తీసేయడం, మోషన్ సాఫీగా అవ్వడం అంతే ముఖ్యం. ఈ రెంటిలో ఏది ఆలస్యమైనా మంట పెరుగుతుంది.

నాలాంటి వాళ్లకు మరీ మరీ చెప్పేది ఒకటుంది. నొప్పి తీరు మారితే నరాల నొప్పేలే అని ఊరుకోవద్దు. స్పర్శ లేని పొట్టలో రాయి ఉన్నా, అపెండిక్స్ వాచినా అందరికీ తెలిసినట్టు మనకు తెలియదు. మొన్న ఎండాకాలం నాకు యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తే, ముందు కనిపించింది మంట పెరగడం, కదలని కాళ్లు వాటంతటవే ఎగరడం. జ్వరం తర్వాత వచ్చింది. కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్తే "సార్, నాకు టీ10 దెబ్బ, బొడ్డు కింద స్పర్శ లేదు" అనేదే నా మొదటి మాట.

మా తమ్ముడు ఇంకా చెట్లెక్కుతాడు. 2024లో తెలంగాణ సర్కారు గీత కార్మికులు చెట్టు మీంచి పడకుండా కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అది తగిలించుకోకుండా వాణ్ణి ఎక్కనివ్వను. లేటవుతుందని గొణుగుతాడు. గొణగనీ.