సమ్మెకు కూడా టైం టేబులే

ఇటలీ వెళ్లొచ్చిన వాళ్లెవరిని అడిగినా ఒకటే ప్లాను చెప్పారు. రోమ్‌లో రెండు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో రెండు, వెనిస్‌లో రెండు, వీలైతే మిలాన్. అంటే రోజు విడిచి రోజు సూట్‌కేసులు సర్దడం, పొద్దున్నే రూము ఖాళీ చేయడం, తరువాతి ఊళ్లో మధ్యాహ్నం మూడు దాకా ఆ సామాను ఎక్కడ పడేయాలా అని తిరగడం. మాతోపాటు మామయ్య కూడా వస్తున్నారు. డెబ్బై దాటాయి, మోకాళ్లు నొప్పి, పైగా శాకాహారం. అందుకని బొలోన్యాలో ఒక ఇల్లు తీసుకుని, పొద్దున రైలెక్కి రాత్రికి ఇంటికి చేరేలా అనుకున్నాం. ఉత్తర ఇటలీ రైలు మార్గాలు చాలావరకు అక్కడే కలుస్తాయి. స్పీడు రైలైతే ఫ్లోరెన్స్ నలభై నిమిషాల్లోపు, మిలాన్ గంటకు కాస్త పైన, వెనిస్ గంటన్నర. మామయ్య కాజీపేటలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మ్యాపు చూపించగానే "జంక్షన్ అన్నమాట" అన్నారు. ఇక వేరే ఊరి మాట ఎవరూ ఎత్తలేదు.

పాత ఊరి మధ్యలో అద్దెలు చూసి కళ్లు తిరిగాయి. స్టేషన్‌కు వెనక వైపున్న బొలొన్యీనా పేటలో దొరికింది. అదీ చౌకేం కాదు, పైగా తలకింత అని రాత్రికో సిటీ ట్యాక్సు. కానీ సందు చివర బంగ్లాదేశ్ వాళ్ల కొట్టు ఉంది. బియ్యం, బెండకాయలు, కొత్తిమీర, పచ్చిమిర్చి అన్నీ ఉన్నాయి. ఎక్కడ తిరిగొచ్చినా రాత్రికి చారన్నం. అది లేకపోతే మామయ్య రెండో రోజే తిరుగు టికెట్టు అడిగేవారు. అక్కడి అసలైన పార్మిజానో చీజ్‌కి పాలు విరగ్గొట్టేది లేగదూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తోనని మా ఆవిడ ఎక్కడో చదివి చెప్పింది. అప్పటి నుంచి హోటల్లో పాస్తా వస్తే చాలు, ఎవరూ ఏమీ చల్లకుండా ఆయన ప్లేటు మీద చేయి అడ్డం పెట్టుకునేవారు.

రైళ్ల సంగతి. స్పీడు రైళ్ల టికెట్లు విమానం టికెట్లలాగే, ప్రయాణం దగ్గరపడే కొద్దీ పైకి పోతాయి. లోకల్ రైళ్లకు ఆ గొడవ లేదు. ఎప్పుడు కొన్నా అదే ధర, సీటు నంబరుండదు, ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే. కాగితం టికెట్టయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరి మిషన్లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్టు చేతిలో ఉన్నా ఫైన్ పడుతుంది. మేం ఎక్కువగా లోకల్ రైళ్లలోనే తిరిగాం. ఫెర్రారా, మొదెనా, పార్మా ఊళ్లన్నీ అలా చూసినవే. బాగున్నాయి, మూడు చోట్లా గుడి ముందు ఒక పెద్ద చౌకు, దాని పక్కన ఖరీదైన కాఫీ. నిలబడి తాగితే ఒక రేటు, కుర్చీలో కూర్చుంటే ఇంకో రేటు. స్టేషన్లో బాత్రూంకి ఒక యూరో. మామయ్య ప్రతిసారీ ఆ యూరోని రూపాయల్లోకి మార్చి మరీ చెప్పేవారు.

మొదటి రోజు ఆయనకు బాగా కోపం వచ్చింది. బోర్డు మీద మా రైలుకు ప్లాట్‌ఫారం నంబరు ఎంతకీ పడదు. "ముందే వేస్తే వీళ్ల సొమ్మేం పోయింది?" అంటూనే ఉన్నారు. తరువాత గోడ మీద పసుపు రంగు కాగితం కనిపించింది. రోజంతా బయల్దేరే రైళ్లన్నీ, ఆగే స్టేషన్లతో, మామూలుగా వచ్చే ప్లాట్‌ఫారంతో సహా అచ్చేసి పెట్టారు. వచ్చే రైళ్లకు తెల్ల కాగితం. ఇక ఏ ఊరెళ్లినా గుడి కంటే ముందు ఆ పసుపు కాగితం దర్శనం.

బొలోన్యా స్టేషన్లోనే ఇంకొకటి ఉంది. 1980 ఆగస్టు 2న అక్కడి వెయిటింగ్ రూములో బాంబు పెట్టారు. 85 మంది చనిపోయారు. బయట గోడ మీది గడియారాన్ని ఆ వేళ దగ్గరే, 10:25 మీద ఆపేసి ఉంచారు. లోపల పగిలిన గోడను అలాగే వదిలి, పక్కన పేర్లూ వయసులూ చెక్కారు. అందులో మూడేళ్ల పాప కూడా ఉంది. మామయ్య జాబితా మొత్తం చదివారు. మా రైలు వెళ్లిపోయింది, మరుసటి రైలుకు వెళ్లాం.

రవెన్నా వెళ్లాలనుకున్న శుక్రవారానికి ముందు రోజు ఇంటావిడ తలుపు తట్టి, రేపు రైళ్ల సమ్మె అంది. నాకు టెన్షన్ పట్టుకుంది. ఆవిడ మాత్రం తాపీగా, పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది లోకల్ రైళ్లు నడిచి తీరాలి, చట్టం అలాగే ఉంది, ఆ వేళల్లో వెళ్లి రండి అని చెప్పి పోయింది. మామయ్య నమ్మలేదు. "సమ్మెకు కూడా టైం టేబులా!" అని చాలాసేపు నవ్వారు. ఆ తరువాత ఆయనకు 1974 గుర్తొచ్చింది. మే నెలలో దేశమంతా రైళ్లు ఆగిన ఆ ఇరవై రోజులు. వాళ్ల నాన్నగారు కాజీపేట లోకోషెడ్డులో ఫైర్‌మన్. పోలీసులు క్వార్టర్ల మీద పడితే, వాళ్లమ్మ పిల్లల్ని తీసుకుని రాత్రికి రాత్రి జనగామలో తమ్ముడింటికి పోయిందట. నాన్నగారికి ఉద్యోగం తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ సంగతి మా ఆవిడకూ తెలియదు. తినే ముద్ద ఆపేసి వింటూ కూర్చుంది.

మర్నాడు ఎనిమిది కాకముందే రైలెక్కాం. ఇమోలా, లూగో దాటి, పండ్ల తోటల మధ్య నుంచి గంటకు పైగా ప్రయాణం. ఇక సాయంత్రం ఆరు దాకా ఎటూ కదల్లేం కాబట్టి రవెన్నాని తీరిగ్గా చూశాం. రోమన్ చక్రవర్తి కూతురు గల్లా ప్లాచిదియా పేరుతో ఉన్న సమాధి మందిరం బయటికి ఇటుకల గది. కిటికీలకు గాజు బదులు పల్చటి అలబాస్టర్ రాయి. కళ్లు ఆ మసక వెలుగుకి అలవాటు పడ్డాక నెత్తిన నీలం కప్పు, దాన్నిండా బంగారు చుక్కలు. ఐదో శతాబ్దం పని. ఎక్కువసేపు ఉండనివ్వరు, వెనక వాళ్లు కాచుకుని ఉంటారు. ఇటలీ మహాకవి దాంతె సమాధీ ఈ ఊళ్లోనే. ఫ్లోరెన్స్ వెళ్లగొడితే వచ్చి 1321లో ఇక్కడ పోయాడు. సమాధి దగ్గర వెలిగే దీపానికి ఏటా నూనె ఇచ్చేది ఫ్లోరెన్స్ వాళ్లే. ఎముకలు అడిగితే మాత్రం ఈ ఊరు ఇవ్వనంది.

ఐదున్నరకు స్టేషన్‌కి వస్తే కాలు పెట్టే సందు లేదు. బెంచీ పక్కన ఒక కొరియా జంట, చుట్టూ నాలుగు పెద్ద పెట్టెలు. పొద్దున పదికి హోటలు ఖాళీ చేసి వచ్చారట, అప్పటి నుంచి అక్కడే ఉన్నారు. ఫ్లోరెన్స్‌లో రూముకు ముందే డబ్బు కట్టేశారు. మామయ్య వాళ్లని పసుపు కాగితం దగ్గరికి తీసుకెళ్లి, వేలు పెట్టి చూపిస్తూ, ఏ రైలెక్కాలో, ఎక్కడ మారాలో తన ఇంగ్లీషులో చెప్పారు. అది చూసి ఇంకో ఇద్దరు వచ్చారు. తరువాత ఒక ఇటలీ పెద్దావిడ కూడా వచ్చి, ఆమె భాషలోనే ఏదో అడిగింది. ఆయన వెనక్కి తగ్గలేదు. ఆవిడ చెప్పిన ఊరి పేరొక్కటి పట్టుకుని వేలితో గీత వెంట జరిపి, "ప్లాట్‌ఫారం నంబర్ త్రీ" అన్నారు. ఆవిడ అక్కడికే వెళ్లింది. మా రైలు ఆరు దాటి కాసేపటికి కదిలింది, నిలబడే వచ్చాం.

ఒక ఊళ్లో మకాం పెట్టి తిరిగేవాళ్లకు దెబ్బ పడేది వెనిస్‌లో. రాత్రి ఉండకుండా పగలు చూసిపోయే వాళ్ల దగ్గర కొన్ని తేదీల్లో ఊరి ప్రవేశానికి డబ్బు తీసుకుంటున్నారు. 2024లో 5 యూరోలతో మొదలుపెట్టారు. 2025లో ముందుగా కడితే 5, చివరి మూడు రోజుల్లో కడితే 10. మేం బయల్దేరే ముందే కట్టేశాం. "ఊరికి ప్లాట్‌ఫారం టికెట్టా?" అన్నారు మామయ్య. వెనిస్ దాకా మా పెట్టెలో టికెట్టు అడిగినవాడు లేడు. స్టేషన్ బయటికి రాగానే, కాలువ కూడా చూడకముందే, ఒక కుర్రాడు ఆపి ఫోన్లో కోడు చూపించమన్నాడు. మామయ్య ముఖం విప్పారింది. "రైల్లో టీటీఈ లేడు కానీ ఊళ్లో ఉన్నాడు" అని నవ్వి, వాడి డ్యూటీ ఎన్ని గంటలో కనుక్కోమని నన్ను ముందుకు నెట్టారు.