పికప్ ట్రక్కులో పడకేశాను, బయటికి రావడం ఎలాగో చూసుకోలేదు

మొన్న రాత్రి జరిగిందిది. నిన్న మధ్యాహ్నం ఇల్లు చేరేలోపే మా బావమరిది చుట్టాల గ్రూపులో తన మాటల్లో పెట్టేశాడు. వాడి కథలో నేను జోకర్ని. కాబట్టి నా వైపు నుంచి కూడా ఒకసారి చెప్పుకుందామని కూర్చున్నా. పనిలో పనిగా, పికప్ వెనక పడుకోవాలని సరదా పడేవాళ్లకి అక్కరకొచ్చేవి నాలుగు మాటలు కూడా పడతాయి.

రెండు నెలల్లో మూడుసార్లు క్యాంపింగుకి వెళ్లాం. మూడుసార్లూ మూడు రకాలుగా పడుకున్నా.

మొదటిసారి ఏ సరంజామా లేదు. చాప, దుప్పటి, ఆకాశం. బండి కొనేటప్పుడు ఇంజను చూస్తాం, మైలేజీ అడుగుతాం, తొట్టి పొడవు మాత్రం ఎవరమూ కొలవం. పెద్ద పికప్పులకి ఈ బెడ్ దాదాపు 5.5 అడుగులు, 6.5 అడుగులు, 8 అడుగులు, ఇలా మూడు పొడవుల్లో వస్తుంది. నాది 5.5. నేను 5 అడుగుల 9 అంగుళాలు. తొట్టి వెనక రేకు తలుపు, అదే టెయిల్‌గేట్, దించితే ఇంకో 2 అడుగుల దాకా కలిసొస్తుంది కదా అని కాళ్లు దాని మీదికి చాపా. తొట్టికీ దానికీ మధ్య వేలు దూరేంత సందుంది, పైగా రెండూ ఒకే మట్టంలో లేవు. ఆ అంచు సరిగ్గా పిక్కల కిందికొచ్చింది. సరే, మూలగా పడుకుందామనుకున్నా. చక్రాలకి చోటివ్వడానికి రెండు పక్కలా రేకు లోపలికి ఉబ్బి ఉంటుంది చూడండి, ఆ ఉబ్బుల మధ్య 4 అడుగులుంది. పొడవు 5.5. మూల నుంచి మూలకి 6.8 అడుగులు. బళ్లో బట్టీ పట్టిన కర్ణం లెక్క ఇన్నేళ్లకి పనికొచ్చింది. అర్ధరాత్రి మా ఆవిడ టెంటులో ఊపిరాడట్లేదంటూ వచ్చి పక్కన చేరడంతో కర్ణం కాస్తా భుజానికొచ్చింది. తెల్లారేసరికి పైదుప్పటి పిండితే నీళ్లు. ఆరుబయట పడుకుంటే పైన ఒక టార్పాలిన్ అయినా కట్టుకోండి, మంచు దాని మీద దిగుతుంది, మీ మీద దిగదు.

రెండోసారి తొట్టి మీద బిగించుకునే టెంటు తెచ్చా. కట్టడం సులువే. కానీ కట్టాలంటే తొట్టిలోని సామానంతా నేల మీదికి దించాలి. కట్టాక బండి కదపకూడదు. పొద్దున్నే మంచి నీళ్లు అయిపోయాయి, బండేసుకుని వెళ్లి తెద్దామంటే ఇల్లు పీకి వెళ్లాలి. ఆ రోజు ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ టెంటులోకి గాలి పరుపు కూడా కొన్నా, చక్రాల ఉబ్బుల దగ్గర కత్తిరింపు ఉండే రకం. పడుకునేటప్పుడు మహారాజులా ఉంది. మూడింటికల్లా నడుము రేకుకి తగిలింది. చిల్లు పడిందనుకుని ఫోను వెలుగులో అతుకులన్నీ వెతికా. చిల్లూ లేదు గిల్లూ లేదు. సాయంత్రం వెచ్చగా ఉన్నప్పుడు నింపిన గాలి రాత్రి చలికి కుంచించుకుపోతుంది, అంతే. అందుకే పడుకోబోయే ముందు, బయట చల్లబడ్డాక, పంపుతో ఇంకో నాలుగు దెబ్బలు కొట్టుకోవాలి. అంతకంటే పెద్ద పొరపాటు, దాని కింద ఏమీ వేయకపోవడం. ట్రక్కు బెడ్ నేల లాంటిది కాదు. కింద గాలి ఆడుతూ ఉంటుంది, రేకు ఆ చలినంతా పైకి తెస్తుంది. మామూలు గాలి పరుపు లోపల గాలి అటూ ఇటూ తిరుగుతూ ఒంటి వేడిని కిందికి మోసుకుపోయి రేకుకి అప్పజెబుతుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా వీపు మంచుగడ్డే.

ఇక మూడోది. దీని కోసం నేను నిజంగా కష్టపడ్డా. తొట్టి మీద ఫైబర్ క్యానపీ బిగించారు, అంటే కిటికీలూ వెనక అద్దం తలుపూ ఉన్న గట్టి కప్పు. లోపల నా చేతులతో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో మంచె చేశా. ఉబ్బుల ఎత్తు 9.5 అంగుళాలైతే మంచె 11 అంగుళాలు. దాంతో ఉబ్బులు కిందికి పోయి పైన పూర్తి 5 అడుగుల వెడల్పు వచ్చింది, ఇప్పుడు మూలగా పడుకుంటే 7 అడుగులు దాటి ఉంది. కింద మూడు సామాన్ల పెట్టెలు పడతాయి. మంచె మీద నా బరువంతా వేసి దొర్లినా కిర్రుమనదు. ఈ మాట నేను చెప్పడం కాదు, వడ్రంగం తెలిసినవాళ్లు చూసి చెప్పాలి, కానీ ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఎత్తు లెక్కే తప్పింది. కింది రేకు నుంచి క్యానపీ కప్పుకి 40 అంగుళాలు. మంచెకి 11, పరుపుకి 3 పోతే 26 మిగిలాయి. మనిషి కూర్చుంటే పిర్ర నుంచి నడినెత్తికి 36 దాకా ఉంటుంది. అంటే లోపల కూర్చోలేం. ప్యాంటు మార్చుకోవాలంటే వెల్లకిలా పడుకుని, మడమలూ భుజాలూ ఆనించి, నడుము గాల్లోకి లేపాలి. చూసేవాళ్లు లేరు కాబట్టి సరిపోయింది.

మొన్న సాయంత్రం క్యాంపులో అందరికీ నా ఏర్పాటు చూపించా. పక్క టెంట్లవాళ్లు కూడా వచ్చారు. బండి మట్టంగా నిలబెట్టడం ఎలాగో, నీళ్ల సీసా అడ్డంగా పెట్టి బుడగ ఎటు పోతోందో చూసి ఏ చక్రం కింద చెక్క పెట్టాలో, తల ఎప్పుడూ ఎత్తు వైపే ఎందుకుండాలో, అన్నీ ఉపన్యాసంలా చెప్పా. ఇది ముందే చెబుతున్నా, తర్వాత జరిగిందాని రుచి తెలియాలంటే ఇది తెలిసుండాలి.

రాత్రి పదయ్యింది. ఆడవాళ్లూ పిల్లలూ బావమరిదీ కింద పెద్ద టెంటులో. నేను ట్రక్కులో. ఎక్కి, టెయిల్‌గేట్ లోపలి నుంచి లాక్కుని, పైనున్న అద్దం తలుపు దించా. గాలికి అది లేచి టపటపా కొట్టుకుంటోంది. "ఒరేయ్, ఆ పిడి కాస్త తిప్పేసి పోరా" అన్నా. "అలాగే బావా" అని తిప్పి, బుద్ధిమంతుడిలా వెళ్లి పడుకున్నాడు.

రెండున్నరకి మెలకువ వచ్చింది. ఆ వేళ లేచేది ఎందుకో చెప్పక్కర్లేదు. పాక్కుంటూ వెళ్లి అద్దాన్ని తోశా. రాలేదు. ఇంకొంచెం తోశా. టెయిల్‌గేట్ పిడి కోసం తడిమా. అది బయట ఉంటుంది. అద్దం తలుపు పిడీ బయటే ఉంటుంది. రెండూ బయటే ఉంటాయన్న సంగతి ఇన్నాళ్లూ రోజూ చూస్తున్నదే, లోపల్నుంచి ఆలోచించడం అదే మొదటిసారి.

పక్క కిటికీలు జరుగుతాయి, కానీ నా భుజం పట్టదు. ముందు వైపు అద్దం జరిగేది కాదు. ఫోను డ్రైవరు సీటు దగ్గర చార్జింగులో ఉంది, నాకూ దానికీ మధ్య రెండు అద్దాలు, దాని పచ్చ చుక్క వెలుగుతూ నన్నే చూస్తోంది. పక్క రేకు మీద కొట్టా. మావాళ్ల టెంటు యాభై అడుగుల అవతల, గాలి ఎదురు. "ఒరేయ్" అని పిలిచా, "ఏమే" అని పిలిచా, చివరికి పిల్లని పిలిచా. ఉగ్గబట్టుకుని కూర్చుందామంటే కూర్చోడానికి కూడా ఎత్తు లేదు.

అప్పుడు జేబులో బండి తాళం తగిలింది. ప్రాణం లేచొచ్చింది. తెరిచే బటన్ నొక్కా. టక్కుమంది. ముందు డోర్లు తెరుచుకున్నాయి. చక్కగా నాలుగూ తెరుచుకున్నాయి, నేనున్న చోటు తప్ప.

ఇంకో ఎర్ర బటన్ ఉంటుంది. ఆగలేక నొక్కా. హారను, లైట్లు, ఊళ్లు లేచేటంత గోల. ఆపుదామంటే ఆ చీకట్లో తాళం చేతిలోంచి జారి మంచె సందులోంచి సామాన్ల పెట్టెల మధ్యకి పోయింది. కిర్రుమనని మంచెకి సందు మాత్రం వదిలానన్నమాట. ఒక్కొక్క టెంటులో లైటు వెలిగింది. సాయంత్రం నా ఉపన్యాసం విన్నవాళ్లే అందరూ. నా బావమరిది టెంటు తప్ప అన్నీ వెలిగాయి.

టార్చి పట్టుకుని ముందుగా వచ్చింది ఒక పెద్దావిడ. డెబ్బయ్యేళ్లుంటాయి. వెనకాల ఆవిడ పాత పికప్ ఉంది, ఆవిడా దాన్లోనే పడుకుంటోంది, సాయంత్రం నేను పట్టించుకోలేదు. అద్దంలోంచి మొహం మీద వెలుగు కొట్టి, "ఏం నాయనా, లోపలెందుకున్నావ్?" అంది. "పిడి తిప్పండమ్మా" అని అరిచా. ఆవిడ తిప్పలేదు. టార్చితో అద్దం కింది అంచు చూపించి, "నీ మేజోళ్లు తీయి" అంది.

తడి మేజోళ్లు ఆరేద్దామని పడుకోబోయే ముందు అక్కడున్న ఇనప కడ్డీ మీద వేశా. తీశా. తలుపు మధ్యలో బొటనవేలంత రేకు ముక్క, దాని నుంచి రెండు పక్కలకీ రెండు సన్నటి కడ్డీలు పోయి అంచుల్లో దూరాయి. బయటి పిడి తిరిగితే ఆ ముక్క తిరుగుతుంది, కడ్డీలు లోపలికొస్తాయి, తలుపు వదులుతుంది. "దాన్ని వేళ్లతో తిప్పు" అంది. తిప్పా. వచ్చేసింది. తాళం వేయనంతవరకూ అది లోపలి నుంచి కూడా తిరుగుతుంది. అరగంట నుంచి నేను గుద్దుతున్న అద్దానికి అంగుళం కింద, నా మేజోడు కింద ఉంది.

ముందు నేను వెళ్లాల్సిన చోటికి పరిగెత్తా. వచ్చేసరికి హారను ఆపేసి ఉంది. ఆవిడే పెట్టె లాగి తాళం తీసి ఆపిందట. అక్కడితో వెళ్లిపోతే బాగుండేది. చెయ్యి లోపల పెట్టి కప్పు తడిమింది. వేళ్లు తడి. "కిటికీలన్నీ మూసుకున్నావా?" చలి కదమ్మా అన్నా. "నువ్వు వదిలే ఊపిరంతా నీళ్లే. ఎటూ పోలేక చల్లటి కప్పుకి అంటుకుని నీ మీదే కారుతుంది. ఎదురెదురుగా రెండు కిటికీలు రెండేసి వేళ్లు తెరువు, చలి వేస్తే ఇంకో దుప్పటి కప్పుకో." పోనీ చిన్న గ్యాసు స్టవ్ ఒకటి లోపల కాసేపు వెలిగిస్తే ఆరుతుందేమో అన్నా. ఆవిడ నా వంక చూసిన చూపు జన్మలో మరిచిపోను. "పొద్దున్నే నీ పిల్లలకి నేనేం చెప్పాలి?" అంది. మూసిన చోట స్టవ్ గానీ బొగ్గు గానీ వెలిగించినా, వెచ్చదనానికని ఇంజను ఆన్‌లో ఉంచి వెనక పడుకున్నా, కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. వాసన రాదు, రంగుండదు, దగ్గు రాదు, నిద్రలోనే పోతారు. ఆవిడ బండిలో బ్యాటరీతో నడిచే అలారం ఒకటి వేలాడుతోంది. ఇంత తెలివైన నేను ఆ పని చేయలేదు.

పరుపు సంగతీ ఆవిడే తేల్చింది. మందపాటి ఫోము చాప కింద, గాలి నింపే చాప పైన. ఈ చాపల మీద ఆర్ వాల్యూ అని ఒక అంకె ఉంటుంది, ఎంత ఎక్కువైతే కిందినుంచి చలి అంత తక్కువ. ఒకదాని మీద ఒకటి వేస్తే అంకెలు కలుస్తాయి. ఫోముది 2, పైదాంది 3 అయితే మొత్తం 5. ఈ ఒక్క ముక్క నాకు ఏ అమ్మేవాడూ చెప్పలేదు. స్లీపింగ్ బ్యాగు మీద రెండు ఉష్ణోగ్రతలుంటాయనీ, పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచూ ముడుచుకు పడుకుని ఎలాగోలా తట్టుకునే హద్దేననీ, చూసుకోవాల్సింది కంఫర్ట్ అన్న అంకేననీ కూడా చెప్పలేదు. వాళ్లకి ఆ పెద్ద అంకెతోనే పని.

ఇల్లు చేరగానే క్యానపీ బిగించినతనికి ఫోన్ చేశా. బిగించిన రోజు రబ్బరు అంచు గురించి, రంగు గురించి గంట చెప్పాడు, లోపలి నుంచి ఎలా తెరవాలో ఒక్క ముక్క చెప్పలేదేంటయ్యా అని అడిగా. "అది సామాన్లకి సార్. సామాన్లు బయటికి రావు కదా" అన్నాడు. ఏమనాలో తోచక పెట్టేశా. సామాన్ల కోసం చేసినదాంట్లో పడుకోబోతున్నాం అన్నది నిజమే, కానీ ఆ మాట బిగించేటప్పుడే అనొచ్చుగా. మీరు బిగించుకుంటే పగటిపూటే లోపలికెళ్లి, బయట ఒక మనిషిని పెట్టుకుని, తలుపు వేయించుకుని, కళ్లు మూసుకుని తెరిచి చూడండి. కొన్నిటికి లోపల ఆ ముక్క మీద మూత బిగించి ఉంటుంది, అలాంటిదైతే ముందే లోపల ఒక పిడి పెట్టించుకోండి. నేను ఆ రేకు ముక్కకి ఎర్ర టేపు చుట్టి, చీకట్లో దొరకాలని ఒక తాడు ముక్క కట్టా. ఫోను ఇక దిండు కిందే.

మా బావమరిది సలహా వేరు. బండి పైన బిగించుకునే రూఫ్‌టాప్ టెంటు కొను బావా, దానికి తలుపే ఉండదు జిప్పు ఉంటుంది అంటాడు. అవి చాలావరకు 50 కిలోలు దాటే ఉంటాయి, బండి కదిలేటప్పుడు దాన్ని మోసే ర్యాకు ఎంత బరువు మోస్తుందో చూసుకోవాలి, రెండున్నరకి నిద్రమత్తులో నిచ్చెన దిగాలి. వాడి హారను నిద్ర వాడిది, నాకా నిచ్చెన వద్దు.

ఇంక ఎత్తు ఒక్కటే తేలాలి. మంచె కాళ్లు కోద్దామంటే ఉబ్బులు 9.5 దగ్గర అడ్డం, మహా అయితే ఒక అంగుళం దిగుతుంది. లేదంటే మంచె మొత్తం తీసేసి, ఉబ్బుల మధ్య 4 అడుగుల్లోనే పరుపు వేసి, సామాను వాటి పక్కల సర్దాలి. అప్పుడు కూర్చోవచ్చు, కానీ మా ఆవిడ వస్తే మళ్లీ భుజమే. రేపు టేపు పట్టుకుని ఇంకోసారి కొలుస్తా.