షెడ్డులోకి మిల్లింగ్ మెషీన్ వచ్చింది

నాకు కావలసింది ఒక బోరు, అంటే లోహపు ప్లేటులో కచ్చితమైన కొలతతో తొలిచిన గుండ్రటి రంధ్రం. 47 మిల్లీమీటర్ల వ్యాసం. ఆ పైన 25 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) దాకా పెరిగినా ఫర్వాలేదు, 47కి తగ్గితే మాత్రం 6005 నంబరు బేరింగు అందులో కూర్చోదు. అలాంటి బోర్లు ఎదురెదురు ప్లేట్లలో రెండు, ఒకే గీత మీద రావాలి. నేను చేసుకుంటున్న టెలిస్కోపు మౌంటుకి, అంటే దాన్ని మోస్తూ నక్షత్రాల వెంట తిప్పే స్టాండుకి, ధ్రువనక్షత్రం వైపు చూసే ఇరుసు ఒకటుంటుంది. ఆ ఇరుసు తిరిగేది ఈ రెండు బేరింగుల్లోనే. అక్కడ రవ్వంత వదులున్నా ఐపీసులో నక్షత్రం నిలవదు.

బెంగళూరు పీణ్యలో ఇలాంటి పని చేసిపెట్టే షాపులు కొల్లలు. నా మొదటి మౌంటు ప్లేట్లు అక్కడే చేయించాను, పని శుభ్రంగా చేశారు. కానీ వాళ్లది వందల పీసుల లెక్క. నా ఒక్క పీసు కోసం నడుస్తున్న సెటప్ విప్పాలి, నాది కట్టాలి, మళ్లీ వాళ్లది కట్టుకోవాలి. నేనేమో బ్యాంకు నుంచి వచ్చాక రాత్రిపూట కూర్చుని డ్రాయింగు మారుస్తూనే ఉంటాను. ఆలోచన వచ్చిన రాత్రే లోహాన్ని కోసి చూడాలనిపిస్తుంది నాకు. అందుకే విద్యారణ్యపురలో మా ఇంటి పక్కన స్కూటర్లు పెట్టుకునే షెడ్డు ఖాళీ చేయించి, తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే మిల్లింగ్ మెషీన్ కొనాలని తేల్చుకున్నాను.

మా చిన్నాయన జాలహళ్లి హెచ్‌ఎంటీలో మిల్లరుగా పనిచేసి రిటైరయ్యాడు. మదనపల్లె నుంచి ఈ ఊరికి మా ఇంట్లో ముందుగా వచ్చింది ఆయనే. 1953లో పుట్టిన ఆ కంపెనీ తయారు చేసిన ఎఫ్‌ఎన్2 మిల్లింగ్ మెషీన్లంటే ఆయనకి ప్రాణం. దేశంలో చాలా టూల్ రూముల్లో అవి ఇప్పటికీ నడుస్తూ కనిపిస్తాయి. పాతది ఒకటి చవగ్గా దొరుకుతుందని నాకూ ఆశ పుట్టింది. కానీ దాని బరువు టన్నుల్లో ఉంటుంది. మా గేటు వెడల్పు, షెడ్డు గచ్చు మందం చూసి చిన్నాయనే వద్దన్నాడు. ఇష్టం లేకుండా అన్నాడు, ఆ సంగతి ముఖంలో తెలుస్తూనే ఉంది.

అయినా పాత సరుకు చూడకుండా కొత్తది కొనకూడదని కామాక్షిపాళ్యలోని ఒక యార్డుకి తీసుకెళ్లాడు. అక్కడ మన దేశంలోనే తయారైన ఒక చిన్న టరెట్ మిల్ (తల అటూ ఇటూ తిప్పుకునే వీలున్న మిల్లింగ్ మెషీన్) ఉంది. కొత్తగా కొట్టిన ఆకుపచ్చ రంగుతో మెరిసిపోతోంది.

"పెయింటు చూడగాకు పాపా, టేబులు తిప్పు" అన్నాడు.

ముందు, కోయాల్సిన ముక్కని మోసే టేబుల్ని సరిగ్గా మధ్యకి తెచ్చి, ఊగులాట పోయేదాకా గిబ్ (టేబులు జారే దారిలో వదులు తీసే పట్టీ) బిగించమన్నాడు. తర్వాత హ్యాండిలు పట్టుకుని ఒక చివరికి తిప్పమన్నాడు. సగం దూరం పోయేసరికి బిగుసుకుపోయింది. రెండో వైపూ అంతే. ఎందుకంటే ఆ మెషీన్ తన జీవితమంతా చిన్న జాబులే (కోతకి బిగించే ముక్కలు) చేసింది, టేబులు ఎప్పుడూ మధ్యలోనే అటూ ఇటూ కదిలింది. మధ్యలో అరిగింది, చివర్లు కొత్తగానే ఉండిపోయాయి. మధ్యకి తగ్గట్టు గిబ్ బిగిస్తే చివర్లో కదలదు, చివరికి తగ్గట్టు సడలిస్తే మధ్యలో ఊగుతుంది. ఇది గిబ్‌తో తీరే జబ్బు కాదు, టేబులు జారే స్లైడుని గ్రైండింగు చేయించి, చేత్తో గీకి చదును చేసే స్క్రేపింగు చేయించాలి. ఆ ఖర్చుకి ఇంకో మెషీన్ వస్తుంది.

టూలుని పట్టుకుని తిప్పే స్పిండిల్ పరీక్ష కూడా అక్కడే నేర్పాడు. దాని ముక్కు కింద డయల్ (చిన్న కదలికని ముల్లుతో చూపే కొలత పరికరం) ఆనించి, చెక్క కట్టెతో పైకి మీటితే ముల్లు ఎంత కదిలిందో చూడాలి. తర్వాత లోపలి టేపర్‌లో (టూలు కూర్చునే, పైకి పోయేకొద్దీ సన్నబడే రంధ్రంలో) వేలు పెట్టి గీతలు, గుంటలు తడమాలి. ఆపైన ఎక్కువ స్పీడులో అరగంట తిప్పి, బేరింగు దగ్గర అరచెయ్యి ఆనించాలి. చెయ్యి ఉంచలేనంత కాలితే బేరింగులో తేడా ఉన్నట్టు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి, చాలామంది దీని దగ్గరే భయపడి వెనక్కి తగ్గుతారు. పాత మెషీన్లకి త్రీఫేజ్ మోటారు ఉంటుంది, మన ఇళ్లలో సింగిల్ ఫేజే. వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్) పెట్టుకుంటే 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని 230 వోల్టుల త్రీఫేజ్ ఇస్తుంది. చిన్న మోటార్లను సాధారణంగా 415 వోల్టులకి స్టార్‌లో (మూడు చుట్టల చివర్లు ఒక్కచోట చేరేలా) కలిపి ఉంచుతారు. టెర్మినల్ బాక్సులో ఆరు వైర్లూ బయటికి ఉంటే, వాటిని డెల్టాలో (చుట్టలు త్రిభుజంలా) కలిపితే అదే మోటారు 230కి సరిపోతుంది. పెద్ద మోటార్లు 415కే డెల్టాలో ఉంటాయి కాబట్టి వాటికి ఈ ఉపాయం పారదు. నేమ్‌ప్లేటు చదివితే విషయం తెలిసిపోతుంది. ఆ ఆకుపచ్చ మెషీన్ మోటారు మాకు సరిపోయేదే, టేబులే ఒప్పుకోలేదు.

చివరికి కొత్త బెంచ్ మిల్, అంటే చిన్న సైజు మిల్లింగ్ మెషీన్ తీసుకున్నాను. 165 కిలోలు, 550 మిల్లీమీటర్ల పొడవు, 160 వెడల్పు ఉన్న టేబులు, ఒక కిలోవాట్ బ్రష్‌లెస్ మోటారు, మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు. 18 శాతం జీఎస్‌టీతో కలిపి రెండున్నర లక్షలు దాటింది. ఇదే ధరకి గుండ్రటి కాలమ్ (స్పిండిల్ ఉండే తలని మోసే స్తంభం) ఉన్న మెషీన్లు ఇంకా పెద్దవి దొరుకుతాయి. అయినా నేను వాటి వైపు పోలేదు. గుండ్రటి కాలమ్ మీద తలను పైకో కిందకో జరిపితే అది పక్కకి కూడా తిరుగుతుంది, అంతకు ముందు పట్టుకున్న సెంటర్ పోతుంది. డ్రిల్‌తో రంధ్రం వేసి, డ్రిల్ తీసి, రంధ్రాన్ని కొంచెం కొంచెంగా పెద్దది చేసే పొట్టి బోరింగ్ హెడ్ పెట్టుకుని తల దించే పని నాది. పావురం తోక ఆకారపు పట్టాలున్న డవ్‌టెయిల్ కాలమ్ అయితే తల నిటారుగా దిగుతుంది, సెంటర్ ఉన్నచోటే ఉంటుంది. బోరింగు చేసేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

స్పిండిల్ టేపర్ ఎంటీ3 (మోర్స్ టేపర్ 3) కావాలా, ఆర్8 కావాలా అని అడిగారు. ఆర్8 అన్నాను. మోర్స్ టేపర్ కోణం మూడు డిగ్రీల లోపే, అందుకే అది తనంతట తానే పట్టేసుకుంటుంది. డ్రిల్లింగుకి అది మంచి గుణమే. మిల్లింగులో మాత్రం టూలు మార్చిన ప్రతిసారీ డ్రాబార్ (పైనుంచి టూలుని లాగి పట్టే పొడుగు బోల్టు) నెత్తిన సుత్తితో కొట్టి ఊడదీయాలి, ఆ దెబ్బలన్నీ బేరింగులు తింటాయి. ఆర్8ది 16 డిగ్రీల 51 నిమిషాల కోణం, డ్రాబార్ సడలించి మెల్లగా తడితే చేతిలోకి వచ్చేస్తుంది. అమెరికాలో బ్రిడ్జ్‌పోర్ట్ మెషీన్ల కోసం పుట్టిన టేపర్ ఇది, అందుకే డ్రాబార్ మర ఇప్పటికీ 7/16 అంగుళాలదే. మన దగ్గర బోల్టు షాపులో అడిగితే వెంటనే దొరకదు, స్పేర్ డ్రాబార్ మెషీన్‌తోనే తెప్పించుకోండి.

మెషీన్ ధరలో దాదాపు సగం దాని మీదకెక్కే సామాన్లకి పక్కన పెట్టాను. అందులో ఎక్కువ భాగం జాబుని బిగించి పట్టే వైసుకే పోయింది. వంద మిల్లీమీటర్ల దవడలున్న, గ్రైండింగుతో చదును చేసిన గ్రౌండ్ వైస్. దవడ బిగించినప్పుడు జాబు పైకి లేవకూడదు. షాపులోనే ఒక చదరపు ముక్క బిగించి, డయల్ పెట్టి చూశాకే డబ్బిచ్చాను. ఎస్పీ రోడ్డు, ఎస్‌జేపీ రోడ్డు చుట్టుపక్కల టూల్ షాపుల్లో ఇలా చూసుకోనిస్తారు, ఓపిగ్గా అడగాలి అంతే. చిక్‌పేట వైపు తెలుగులోనే బేరమాడుకోవచ్చు, కడప, చిత్తూరు జిల్లాల వాళ్లు చాలామంది తగులుతారు.

టూలు కాడని చుట్టూ బిగించి పట్టే కొల్లెట్లు ఈఆర్32 సైజువి తీసుకున్నాను. పూర్తి సెట్టు కొనలేదు. 6, 8, 10, 12, 16, 20 మాత్రం మంచివి ఏరుకున్నాను, నా ఎండ్ మిల్లుల (కొనతోనూ పక్కలతోనూ కోసే కట్టర్లు) కాడలు ఆ కొలతల్లోనే ఉంటాయి. ఎండ్ మిల్లుని డ్రిల్ చక్‌లో పట్టడం మాత్రం ఎవ్వరూ చేయకండి. చక్ మూడు దవడలూ పక్క నుంచి వచ్చే తోపుడుకి చేసినవి కావు, టూలు జారి కిందికి దిగి జాబుని తినేస్తుంది. జాబుని టేబులుకి బిగించే క్లాంపింగ్ కిట్టు, దాని కింద పెట్టే సమాన ఎత్తు పలకలు (పారలల్స్), అంచు ఎక్కడుందో పట్టే పది మిల్లీమీటర్ల ఎడ్జ్ ఫైండర్ మామూలే. ఎండ్ మిల్లులు చెన్నై అడిసన్ వాళ్ల హై స్పీడ్ స్టీలువి (హెచ్‌ఎస్‌ఎస్). అల్యూమినియానికి రెండు పళ్లవి, స్టీలుకి నాలుగు పళ్లవి. మైల్డ్ స్టీలుకి నిమిషానికి 25 మీటర్ల కోత వేగం అనుకుంటే పది మిల్లీమీటర్ల కట్టర్ 800 ఆర్పీఎం దగ్గర తిరగాలి. అల్యూమినియానికి 75 మీటర్లు అనుకుంటే 2400. ఆ లెక్క చాక్‌పీసుతో షెడ్డు గోడ మీద రాసి పెట్టాను.

పప్పీ డయల్ (చిన్న మీటతో పనిచేసే డయల్) లేకుండా మెషీన్ కొన్నా ఉపయోగం లేదు. మెషీన్ టాటా ఏస్‌లో వచ్చింది. తల విప్పి, షెడ్డు దూలానికి చైన్ బ్లాక్ కట్టి స్టాండు మీదికి ఎక్కించారు. వచ్చిన కుర్రాళ్లు వెళ్లిపోయాక చిన్నాయన చేసిన మొదటి పని ట్రామింగు, అంటే స్పిండిల్ టేబులుకి సరిగ్గా నిలువుగా ఉందో లేదో చూసి సరిచేయడం. స్పిండిల్‌కి డయల్ బిగించి, టేబులు మీద 150 మిల్లీమీటర్ల వృత్తం గీసినట్టు చేత్తో తిప్పుతూ నాలుగు వైపులా ముల్లు చూశాడు. ఎడమకీ కుడికీ 0.08 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. తల బోల్టులు సడలించి, ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా తడుతూ 0.02 లోపలికి తెచ్చాడు. ముందుకీ వెనక్కీ ఉన్న తేడాని మాత్రం కాలమ్ కింద పల్చటి ఇత్తడి రేకు (షిమ్) పెట్టి సరిచేయాల్సి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, వంగి ఆ ముల్లుని చూస్తున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఆయన పని చేస్తుండగా చూసే అవకాశం అంతకు ముందెప్పుడూ రాలేదు. ఫ్యాక్టరీ గేటు దాటి మేమెవరం లోపలికి పోలేదు కదా. ఆ సాయంత్రం ఒక్కటే చాలు, ఈ ఖర్చంతా సార్థకమనిపించింది.

టేబుల్ని జరిపే లీడ్ స్క్రూలో 0.15 మిల్లీమీటర్ల బ్యాక్‌లాష్ (వదులు) ఉంది. అందుకే క్లైంబ్ మిల్లింగు (కట్టర్ తిరిగే వైపే జాబుని జరపడం) చేయను, కట్టర్ టేబుల్ని తన వైపు లాక్కుంటుంది. ఎప్పుడూ కట్టర్ తిరుగుడుకి ఎదురుగానే ఫీడు ఇస్తాను. చివరి ఫినిషింగు కోతకి మాత్రం స్లైడు లాకు కొంచెం బిగించి పట్టు పెంచుతాను.

ఇక బోర్ల పని. రెండు ప్లేట్లనీ స్థానం తప్పకుండా పట్టే డవెల్ పిన్నులతో కలిపి ఒకదాని మీద ఒకటి బిగించి, ఒకే సెటప్‌లో రెండింటినీ కలిపి బోరు చేశాను. అలా చేస్తే రెండు బోర్లూ ఒకే గీత మీదికి వస్తాయి, తర్వాత విప్పి ఎదురెదురుగా నిలబెట్టినా డవెల్ రంధ్రాలే గుర్తు. 20 దాకా డ్రిల్లు, ఆ తర్వాత బోరింగ్ హెడ్. అల్యూమినియం అంటుకోకుండా బ్రష్షుతో కిరోసిన్ రాస్తూ, 46.8 దాకా ధైర్యంగా, అక్కడి నుంచి 35-60 బోర్ గేజ్ పెట్టి చూసుకుంటూ పోయాను. ఆఖరి కోత అయ్యాక అదే సెట్టింగులో ఇంకోసారి ఊరికే దింపాలి. టూలు వంగి వదిలేసిన కాస్త లోహం ఆ రెండోసారికి వచ్చేస్తుంది. గేజ్ 47.012 చూపించింది. బేరింగుని బొటనవేలితో నొక్కితే లోపలికి దిగి ఆగింది.

ఇప్పుడు మిగిలింది మౌంటు ఇరుసుని తిప్పే వార్మ్ వీలు, అంటే వార్మ్ అనే మరతో తిరిగే పళ్ల చక్రం. 144 పళ్లు. భూమి ఒక చుట్టు తిరగడానికి పట్టే 86,164 సెకన్లని 144తో భాగిస్తే 598, అంటే వార్మ్ దాదాపు పది నిమిషాలకి ఒక చుట్టు తిరిగితే చాలు, నెమ్మదిగా తిరిగే చిన్న మోటారు సరిపోతుంది. పళ్లు కోసేది ట్యాప్‌తో, అంటే మర కోసే టూలుతో. పది మిల్లీమీటర్ల ట్యాప్ పిచ్ (మర గీతల మధ్య దూరం) 1.5 కాబట్టి వీలు వ్యాసం 68.75 వస్తుంది. ముందు ఇత్తడి బిళ్ల చుట్టూ మూడు డిగ్రీల ఏటవాలుగా 144 గాట్లు పెట్టి, తర్వాత ట్యాప్‌ని స్పిండిల్‌లో తిప్పుతూ వీలు దానంతట అది తిరిగేలా వదిలితే పళ్లు పూర్తవుతాయి.

ఆ గాట్ల కోసం, జాబుని కోణాల లెక్కన తిప్పే రోటరీ టేబులు చూస్తున్నాను. షాపులో ఆరు అంగుళాలది చూపించారు, నిష్పత్తి 90, అంటే హ్యాండిలు 90 చుట్లు తిప్పితే టేబులు ఒక చుట్టు తిరుగుతుంది. దాంతో ఒక్కో పంటికి హ్యాండిలు ఎనిమిదింట అయిదు వంతులు తిప్పాలి. రంధ్రాల వృత్తాలున్న డివైడింగ్ ప్లేటు పెట్టుకుని 16 రంధ్రాల వృత్తం మీద పదేసి రంధ్రాలు జరపాలి. నాలుగు అంగుళాల దాని నిష్పత్తి 72. దాంతో పంటికి సరిగ్గా అర చుట్టు, ప్లేటుతో పనే లేదు, లెక్క తప్పే అవకాశమూ తక్కువ. పైగా ఎత్తు తక్కువ కాబట్టి స్పిండిల్ కింద చోటు మిగులుతుంది. నాలుగు అంగుళాలదే కావాలని, 72 అని రాసి ఉన్నది చూసి తెప్పించమని అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. సరుకు రాగానే ఫోన్ చేస్తామన్నారు.