తొక్కాక మళ్లీ చూశావా?

2019లో సివిల్ ఇంజనీరింగ్ పూర్తవగానే హైదరాబాద్ కోకాపేట వైపు ఓ అపార్ట్‌మెంట్ సైట్‌లో జూనియర్ ఇంజనీర్‌గా చేరాను. రాడ్ మందాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుందని నోటికి వచ్చు. ఎం25 రకం కాంక్రీటుకి 28 రోజుల్లో ఎంత బలం రావాలో తెలుసు. కానీ మేస్త్రి "మెయిన్ రాడ్ కిందా, పైనా?" అని అడిగితే డ్రాయింగ్ తిప్పి తిప్పి చూసేదాన్ని. ఇంజనీరై ఉండి ఇది కూడా తెలియదా అనుకుంటారేమోనని ఎవర్నీ అడగలేదు. రాత్రి రూముకొచ్చాక కూడా అదే టెన్షన్.

మూడో అంతస్తు స్లాబ్‌కి ముందురోజు సాయంత్రం బాల్కనీ రాడ్లన్నీ టేపుతో కొలిచి చెక్‌లిస్ట్ మీద సంతకం పెట్టాను. పొద్దున కాంక్రీటు పంపు పైపు బిగిస్తుంటే రాడ్ మేస్త్రి పిలిచారు. శ్రీకాకుళం ఆయన, మా నాన్న వయసు ఉంటుంది.

"అమ్మా, మనుషులు తొక్కాక మళ్లీ చూశావా?"

వంగి చూశాను. పైన ఉండాల్సిన 10 ఎంఎం రాడ్లు కింద కాంక్రీటును మోసే సెంట్రింగ్ షీటుకి బెత్తెడు దూరం కూడా లేకుండా దిగిపోయాయి. బాల్కనీకి ముందువైపు ఆధారం ఉండదు, బరువు పడితే సాగేది పైభాగమే. అక్కడ ఇనుము లేకపోతే, ఎన్ని రాడ్లు వేసినా బీము దగ్గర పైన పగులుతుంది. పరీక్షలో ఈ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. ఆ రాడ్డు మనిషి కాలి కింద కుంగుతుందని ఏ రోజూ తట్టలేదు.

గొంతు వణుకుతుండగానే పంపు ఆపమన్నాను. పై రాడ్లను ఎత్తి పట్టే ఇనుప ఆధారాలు, అంటే చైర్లు, చాలలేదు. మేస్త్రి గారు రాడ్ ముక్కలు వంపించి కొత్తవి చేయించారు. నా చేతికి హుక్కు, బైండింగ్ వైరు ఇచ్చి ముడి ఎలా తిప్పాలో చూపించారు. రెండు ముళ్లు వదులయ్యాయి, మూడోది బిగిసింది. మేనేజర్ గారు ఆలస్యానికి కోప్పడతారనుకున్నాను. వచ్చి చూసి, "అవతలి బాల్కనీ కూడా చూడండి" అన్నారు, అంతే. అక్కడా అదే పరిస్థితి.

ఆ సాయంత్రం నుంచి పని దిగాక అరగంట ఆయన పక్కనే కూర్చుని, పగలు అర్థం కానివన్నీ అడిగేదాన్ని. స్లాబ్‌కి 20, కాలమ్‌కి 40, ఫుటింగ్‌కి 50 ఎంఎం కవర్ (రాడ్డుని కప్పే కాంక్రీటు మందం) అని పుస్తకంలో చదివినవి, ఆ దూరం ఉంచే కవర్ బ్లాకులు చేత్తో పెట్టాకే నాకు పట్టుబడ్డాయి.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లని మొదటి నెల ఆఫీసులో కూర్చోబెట్టొద్దని, రాడ్ మేస్త్రి దగ్గరే ఉంచమని మేనేజర్ గారితో పట్టుబడతాను. స్లాబ్ రోజు మాత్రం పంపు పైపు కంటే ముందు టేపు పట్టుకుని బాల్కనీలోకి నేనే వెళ్తాను.