ఎనిమోన్ దుంపలూ, మా విజయనగరం చలీ

మధ్యధరా తీరంలో చలికాలపు వానలకు మొలకెత్తి, వసంతారంభంలో పూసి, ఎండలు ముదరగానే నేలలోపల నిద్రపోయే ఎనిమోన్ మొక్కను విజయనగరంలో మేడమీది కుండీలలో పెంచాలనుకోవడం కొంత మొండితనమేనని ఒప్పుకుంటాను.

తపాలాలో వచ్చిన ఇరవై దుంపలను చూసి మా అత్తగారు శొంఠి తెప్పించాననుకున్నారు. అంతగా ఎండి, నల్లబడి, వంకరటింకరగా ఉన్నాయి. అక్టోబరు మన జిల్లాకు తుపానుల నెల అని తెలిసి కూడా దసరా సెలవులలోనే నాటాను. ముసురు పట్టి కుండీలలో నీరు నిలిచింది. తవ్వి చూస్తే దుంపలు వేళ్ళ మధ్య ముద్దగా చితికిపోయాయి.

మరుసటి ఏడాది మళ్ళీ ఇరవై తెప్పించి, కార్తీక పౌర్ణమి దాటేదాకా ఆగాను. గోరువెచ్చని నీటిలో నాలుగు గంటలు నానబెడితే అవి బాగా ఉబ్బుతాయి. అంతకు మించి రోజుల తరబడి నీటిలో వదిలేస్తే కుళ్ళిపోతాయి. కందకైతే కన్ను పైకి కనబడుతుంది కనుక ఏ వైపు పైకి పెట్టాలో మన రైతుకు చెప్పనక్కరలేదు. ఎనిమోన్ దుంపకు మొనతేలిన వైపు కిందికి ఉండాలి గాని, సగం దుంపలకు ఆ మొన ఏదో అంతుపట్టదు. అటువంటివాటిని పక్కకు పడుకోబెట్టాను; మొలక తనంతట తానే పైకి తిరుగుతుంది. ఎర్రమట్టిలో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, 5 సెంటీమీటర్ల లోతున నాటి, ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట ఉంచి, మట్టి ఆరకుండా కొద్దికొద్దిగా నీళ్ళు చిలకరించాను.

కొత్తిమీరను పోలిన ఆకులు పదమూడు దుంపలకు వచ్చాయి. అసలు చిక్కు చలితోనే. రాత్రులు 5 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటే ఈ మొక్కకు హాయి. మనకు భోగిమంటల నాడు కూడా అంత చలి పెట్టదు. లంబసింగి వైపు వారిని చూస్తే కాస్త అసూయ కలుగుతుంది. మాఘమాసంలో నాకు పూసినవి ఐదే పువ్వులు, కాడలు జానెడైనా లేవు. అయినా నల్లని నడిబొడ్డు చుట్టూ ఆ ఎరుపు (మనం రేకులనుకునేవి నిజానికి రక్షకపత్రాలే) పొద్దెక్కేకొద్దీ విచ్చుకొని సాయంత్రానికి ముడుచుకోవడం చూడడానికి రోజూ కాఫీ గ్లాసుతో మేడెక్కేదాన్ని.

శివరాత్రి దాటాక ఆకులు పసుపుబారడంతో నీళ్ళు ఆపి, దుంపలను తవ్వి, నీడలో ఆరబెట్టాను. గట్టిగా మిగిలినవి ఆరు. ఈ మొక్కలో అన్ని భాగాలూ విషపూరితమే కనుక, కాగితం సంచి మీద "ఇది శొంఠి కాదు" అని పెద్ద అక్షరాలతో రాసి, వంటింటికి దూరంగా భద్రపరిచాను.