ఓడ తాళ్లకు రేకు పళ్లాలు

విశాఖ ఓడరేవులో ఈరోజు ఒక సరుకు ఓడను కట్టిన లావుపాటి తాళ్లన్నిటికీ గుండ్రటి రేకు పళ్లాలు తగిలించి ఉండటం చూసి అడిగితే, ఎలుకలు తాడు మీదుగా పాకకుండా అడ్డు పెట్టామని అక్కడి కళాసీ చెప్పారు.

1918లో ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హౌ దీవి దగ్గర మకాంబో అనే ఓడ నేలకు తగిలి నిలిచిపోయినప్పుడు ఒడ్డు చేరిన నల్ల ఎలుకలు, అలాంటి శత్రువును ఎన్నడూ ఎరుగని పక్షుల గూళ్ల మీద పడి, మరెక్కడా లేని ఐదు రకాల పక్షులను రూపుమాపాయి. ఎలుక వల్ల మనం లెక్కగట్టేది ధాన్యం నష్టమే గానీ, నాకు ఈ నష్టమే ఎక్కువ బాధాకరంగా తోస్తోంది.

అరచేయంత పొడవుండే అక్కడి కర్రపురుగు కూడా అంతరించిందనే అనుకున్నారు. 2001లో, సముద్రంలో నిటారుగా నిలిచిన బాల్స్ పిరమిడ్ అనే రాతిగుట్ట మీద, ఒకే ఒక్క పొద కింద, కొన్ని ప్రాణాలతో కనిపించాయి.