చేలో తిరిగేది గరుడ కాదు

సంక్రాంతికి ముమ్మిడివరం దగ్గర మా ఊరెళ్ళాను. పొద్దున్నే పెదనాన్నతో కలిసి కాలువ గట్టు మీద నడుస్తుంటే, అప్పుడే దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పులైన చేల మీద, మనిషి ఎత్తు కంటే కాస్త పైన, ముదురు రంగు పక్షి ఒకటి అటూ ఇటూ తిరుగుతూ కనిపించింది. తల తెల్లగా మెరిసింది. "గరుత్మంతుడమ్మా, దణ్ణం పెట్టుకో" అన్నారు పెదనాన్న. పెట్టుకున్నాను గానీ ఏదో తేడాగా అనిపించి అక్కడే నిలబడిపోయాను.

గరుడను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్నే. తల, మెడ, రొమ్ము తెలుపు, మిగతా ఒళ్ళంతా ఇటుక రంగు, రెక్కల కొసలు నలుపు. ఇదేమో చాక్లెట్ రంగులో ఉంది, నడినెత్తీ గొంతూ మాత్రమే మీగడ రంగు, కంటి మీదుగా ముదురు పట్టీ. అయినా రంగొక్కటే చూసి తేల్చకూడదు, గరుడ పిల్లలు కూడా గోధుమ రంగులోనే ఉంటాయి, వాటిని చూసి మామూలు గద్ద అనుకుంటాం (గద్ద తోక చివర చీలినట్టుంటుంది, గరుడ తోక గుండ్రం, అది గుర్తుపెట్టుకుంటే చాలు). నాకు అసలు సంగతి పట్టిచ్చింది అది ఎగిరే తీరు. నాలుగైదు సార్లు రెక్కలు కొట్టి, తర్వాత రెండిటినీ ఇంగ్లీషు V అక్షరంలా పైకెత్తి పట్టుకుని, కొంచెం ఊగుతూ జారిపోతోంది. గరుడ అలా లేపదు. పైగా చుట్టూ అన్ని కొబ్బరి చెట్లుండగా అది పోయి పోయి చేని గట్టు మీద, నేలనే వాలింది.

మార్ష్ హ్యారియర్! చిత్తడి నేలల మీద తిరిగే వేట పక్షి. ఆడదో, ఇంకా ఎదగని పిల్లో, రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మగదైతే రెక్కల్లో బూడిద రంగు కనిపిస్తుంది. చలికాలం మన దగ్గర గడిపి, ఎండలు ముదిరేలోపు ఉత్తరానికి, మధ్య ఆసియా వైపు వెళ్ళిపోయే వలస పక్షి. గుడ్లగూబకు ఉన్నట్టే దీని మొహం చుట్టూ ఈకల వలయం ఉంటుంది, అది శబ్దాన్ని చెవుల వైపు మళ్ళిస్తుంది. అంత కిందుగా, అంత నిదానంగా తిరగడం గడ్డిలో కదిలే ఎలుకను చూడ్డానికీ, దాని చప్పుడు వినడానికీ.

"ఎలుకల్ని పడుతుందా?" అని వెంటనే అడిగారు పెదనాన్న. దాళ్వాలో ఎలుకల బాధ ఆయనకు తెలిసినంతగా నాకు తెలీదు. పడుతుంది, కప్పల్నీ నీటి పిట్టల్నీ కూడా పడుతుంది, కానీ మందు తిన్న ఎలుకను తింటే దానికీ ముప్పేనని చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, మందు మానేసి ఎలుకల్ని పట్టే బుట్టలు పెట్టిస్తే ఎంతవుతుందో కనుక్కుంటానన్నారు.